ఆ గులాబీని ఎవరడిగారు?

నా బీరువాలో పాత పౌడరు డబ్బా ఒకటుంది. అందులో దూదిలో చుట్టిన ఒకే ఒక్క పువ్వు. నూలుతో అల్లిన లేసు గులాబీ. ఒకప్పుడు తెల్లనిది, ఇప్పుడు మరగకాచిన పాల మీద మీగడ రంగు. పాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. మూడు వరసల రెక్కలు, వరసకి ఆరు. పైన చిన్న రెక్కలు, కిందికి పోను పోను పెద్దవి. గోటితో పై రెక్క ఎత్తి చూస్తే దాని వెనక రెండో వరస మొదలైన చిన్న ఉచ్చు కనపడుతుంది. నర్సాపురం పక్క పల్లెలో మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద ఇలాంటివి బుట్టల కొద్దీ ఉండేవి. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఒకటి కావాలని మారాం చేస్తే, అమ్మమ్మ బుట్టలో చెయ్యి పెట్టి ఒకటి తీసిచ్చింది. యాభై ఏళ్ళ కిందటి మాట.

మూడేళ్ళ కిందట ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉన్నాను. ఒక ఆదివారం ఇద్దరం ఏదో చిన్న ఊళ్ళో పాత వస్తువులు అమ్మే షాపుకి వెళ్ళాం. గాజు బల్ల కింద, నల్ల వెల్వెట్ గుడ్డ మీద ఒక లేసు కాలరు పరిచి ఉంది. మెడ వంపు దగ్గర నాలుగు గులాబీలు. చూడగానే నా గుండె ఝల్లుమంది. అవి అమ్మమ్మ గులాబీలే. మూడు వరసలు, ఆరేసి రెక్కలు, ఆ వెనక ఉచ్చుతో సహా. పక్కన చిన్న కార్డు పెట్టారు: ఐరిష్ క్రోషే, అంటే ఐర్లండులో కొక్కెం సూదితో అల్లిన లేసు, 1900 ప్రాంతం. దాని కింద, గులాబీ ప్రేమకు గుర్తు, ద్రాక్ష సమృద్ధికి గుర్తు, ఫెర్న్ ఆకు నిజాయితీకి గుర్తు.

అమ్మాయి ముచ్చటపడి ఫోటో తీసుకుంది. నేను ఆ కార్డు దగ్గర నిలబడిపోయాను. అందులో తప్పేమిటో అప్పుడు నాకు తెలీదు. ఎక్కడో మనసు కలుక్కుమంది, అంతే. పొద్దుటి వంట అయ్యాక కూర్చుని, సాయంత్రం కళ్ళు కనపడనంత చీకటి పడేదాకా అల్లిన మనిషి నాకు తెలుసు. ఆవిడ నోటి వెంట ఏనాడూ ప్రేమ అనే మాట ఆ పువ్వు గురించి నేను వినలేదు.

ఆ రోజు నుంచి పాత లేసు గురించి దొరికినంతా చదువుతున్నాను, చూడగలిగినన్ని ముక్కలు చూశాను. నాకు తేలింది ఇది. పాత లేసుల్లోని పువ్వులకి, పిట్టలకి, పళ్ళకి ఇప్పుడు మనం చెప్పుకునే అర్థాల్లో చాలా వరకు ఆ లేసుతో పాటు పుట్టినవి కావు, తర్వాత ఎవరో అతికించినవి. ఒక పువ్వు అక్కడ ఎందుకుందో తెలియాలంటే ముందు దాన్ని ఎవరు అడిగారో, ఎవరు గీశారో, ఆ ఆకారానికి నూలు ఎలా ఒప్పుకుందో చూడాలి. అది చూడకుండా ప్రేమ, సమృద్ధి అని రాసేస్తే, అల్లిన చేతుల్ని ఆ కథలోంచి తుడిచేసినట్టే.

అసలు గులాబీకి ఈ అర్థం, ఫెర్న్‌కి ఆ అర్థం అని పట్టికలు వేసే అలవాటు ఎప్పటిది? పువ్వులతో కబుర్లు పంపుకోవటం అనే సరదా యూరప్‌లో బాగా ముదిరింది 19వ శతాబ్దంలో. 1819లో ప్యారిస్‌లో షార్లొట్ ద లాటూర్ అనే కలం పేరుతో పువ్వుల భాష మీద ఒక పుస్తకం వచ్చింది. దాన్ని చూసి ఇంగ్లీషులో పదులకొద్దీ వచ్చాయి. ఒక్కో పుస్తకంలో ఒకే పువ్వుకి ఒక్కో అర్థం. లేసు పుట్టింది అంతకు మూడు వందల ఏళ్ళ ముందు. 1690 నాటి లేసుని 1819 నాటి పుస్తకం పెట్టుకుని చదవటమంటే, కలల ఫలితాల పుస్తకం చేత్తో పట్టుకుని పాత రాతి శాసనం చదవబోయినట్టు ఉంటుంది.

మొదట్లో లేసులో పువ్వే లేదు. 16వ శతాబ్దంలో ఇటలీలో నార బట్టలోంచి కొన్ని పోగులు లాగేసి, మిగిలిన పోగులతో ఏర్పడిన గళ్ళలో సూదితో కుట్టేవారు. గడి అంటే నాలుగు మూలలు. మూల నుంచి మూలకి పోగు లాగితే ఒక గుణకారం గుర్తు, మధ్యలోంచి ఇంకో రెండు లాగితే ఎనిమిది కిరణాల నక్షత్రం, ఆ కిరణాల్ని చుట్టూ కలిపితే చక్రం. చుక్కల ముగ్గు వేసేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చుక్కలు ఎలా పెట్టామో ముగ్గు అలా వస్తుంది. ఇప్పుడు ఆ నక్షత్రాల్లో విశ్వ రహస్యాలు వెతికేవాళ్ళున్నారు. నాకు మాత్రం అందులో లాగేసిన పోగులే కనపడతాయి. 1587లో ప్యారిస్‌లో విన్సియోలో, 1591లో వెనిస్‌లో వెచెల్లియో అచ్చు వేయించిన నమూనా పుస్తకాల్లో పేజీల కొద్దీ ఇవే గళ్ళు, ఇవే చక్రాలు. తర్వాత వెనిస్‌లో కింద బట్టే లేకుండా కుట్టటం మొదలుపెట్టారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పుంతో ఇన్ ఆరియా, అంటే గాలిలో కుట్టు. గడి పోయింది కాబట్టి తీగ వంపు తిరగగలిగింది. తీగ వచ్చాక పువ్వు వచ్చింది.

అర్థాలే లేవని నేను అనటం లేదు. చర్చి కోసం చేసిన లేసు చూడండి. బలిపీఠం మీద పరిచే గుడ్డల అంచుల్లో గొర్రెపిల్ల, ద్రాక్షగుత్తి, గోధుమ కంకి ఉంటాయి. తన రొమ్ము పొడుచుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికించే పెలికన్ పక్షి ఉంటుంది. ఇవన్నీ క్రీస్తుకి, ఆయన బలికి గుర్తులే. అనుమానమేం లేదు. అక్కడ చేయించిన వాళ్ళకీ, చేసిన వాళ్ళకీ, ముందు మోకరించిన వాళ్ళకీ ఆ బొమ్మ ఏమిటో తెలుసు. ముగ్గురికీ తెలిసిన అర్థాన్ని నేను కాదనలేను.

అలాగే రాజులు. 1665లో పద్నాలుగో లూయీ మంత్రి కొల్బేర్ ఫ్రాన్స్‌లోనే లేసు తయారుచేయించాలని పూనుకున్నాడు. అప్పటిదాకా ఫ్రెంచి ప్రభువుల డబ్బు లేసు కోసం వెనిస్‌కీ, ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్‌కీ పోయేది. ఆయన బయటినుంచి పనివాళ్ళని రప్పించాడు, అలాంసోన్ లాంటి ఊళ్ళలో పని పెట్టించాడు, విదేశీ లేసుని నిషేధించాడు. అలా పుట్టిన పాయింట్ ద ఫ్రాన్స్ లేసులో కిరీటాలు, విజయ చిహ్నాలు, సూర్యుడు కనపడతాయి. లూయీ తనని తాను సూర్యుడిగా చెప్పుకున్నవాడు. ఆ సూర్యుడు అక్కడికి రాజాజ్ఞ మీద వచ్చాడు. నెపోలియన్ తేనెటీగలదీ అదే కథ. 1653లో టూర్నేలో షిల్డెరిక్ అనే పాతకాలపు ఫ్రాంకు రాజు సమాధి బయటపడితే అందులో బంగారు ఈగలు దొరికాయి. నెపోలియన్ 1804లో చక్రవర్తి అయ్యేటప్పుడు, పాత రాజవంశాల లిల్లీ పువ్వు వద్దనుకుని, అంతకంటే పాతదైన ఆ ఈగని తెచ్చుకున్నాడు. తివాచీల మీద, అంగీల మీద, లేసుల మీద ఈగలు వాలాయి. కష్టపడి సంపాదించటానికి గుర్తు అని ఇప్పుడెవరైనా చెబితే, ఆ మనిషి రాజకీయ అవసరాన్ని పక్కకి నెట్టేసినట్టే.

ఇక పువ్వుల అమరిక మారటానికి కూడా చాలాసార్లు మనసు కాదు, బట్టే కారణం. 18వ శతాబ్దం చివరికి లేసులో పువ్వులు చిన్నవైపోయి అంచుకి జరిగాయి. మధ్యంతా ఖాళీ వల. లేసుని కుచ్చులు పోసి తొడుక్కుంటే మధ్యలో పువ్వు ఉన్నా మడతల్లో దాగిపోతుంది. పైగా అప్పటికి మన దేశపు పల్చటి మస్లిను మీద మోజు పెరిగింది, లేసు కూడా ఆ పల్చదనాన్ని అందుకోవాల్సి వచ్చింది.

నన్ను అన్నిటికంటే కదిలించింది బెల్జియం యుద్ధకాలపు లేసు. 1914 ఆగస్టులో జర్మనీ బెల్జియాన్ని ఆక్రమించింది. లేసు పనిమీద బతికే ఆడవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. బ్రిటన్ సముద్రం మీద దిగ్బంధం పెట్టటంతో నూలు లోపలికి రాదు, లేసు బయటికి పోదు. చివరికి హెర్బర్ట్ హూవర్ అనే అమెరికన్ నడిపిన సహాయ సంఘం ద్వారా ఒప్పందం కుదిరింది. నూలు తూకం వేసి లోపలికి పంపాలి, అంత తూకం లేసు బయటికి రావాలి. శత్రువు చేతికి ఒక్క పోగు పోకూడదు. ఆ లేసుల్లో బెల్జియం సింహం ఉంది, ఫ్రెంచి కోడిపుంజు ఉంది, రష్యా ఎలుగుబంటి ఉంది, బెల్జియం రాష్ట్రాల ముద్రలు, మిత్రదేశాల ముద్రలు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో వాటి సేకరణ ఉంది. ఇక్కడ ప్రతి జంతువూ ఒక మాట. నోరు విప్పలేని దేశం ఆ మాటల్ని తూకానికి సరిపోయిన నూలులో బయటికి పంపింది.

కానీ అక్కడ కూడా ఒకటి గమనించాను. ఆ సింహాన్ని గీసింది పేరున్న కళాకారులు, గీయించింది లేసు కమిటీలో ఉన్న పెద్దింటి స్త్రీలు. దాన్ని కుట్టిన మనిషికి ఆ వారం ఇంట్లో రొట్టెకి డబ్బు కావాలి. ఆమెకి దేశం మీద ప్రేమ లేదని కాదు, ఉండే ఉంటుంది. ఆ సింహం జూలులో ఒక్కో వెంట్రుకకి ఎన్ని కుట్లు పడతాయో కూడా ఆమెకే తెలుసు. రెండో విషయం ఏ కార్డు మీదా ఉండదు.

విక్టోరియా రాణి పెళ్ళి లేసు కూడా ఇలాంటిదే. 1840 ఫిబ్రవరిలో పెళ్ళి. యంత్రం మీద వల నేయటం వచ్చాక ఇంగ్లండులో చేతి లేసు పని పడిపోయింది. హీత్‌కోట్ అనే ఆయన 1808-09లో ఆ యంత్రం తయారుచేశాడు. డెవన్ జిల్లాలో లేసు ఆడవాళ్ళకి పని లేక ఇబ్బంది పడుతుంటే, వాళ్ళకి పని కల్పించటానికి రాణి అక్కడి హోనిటన్ లేసే కావాలంది. బీర్ అనే చిన్న సముద్రపు ఊళ్ళో, ఆ చుట్టుపక్కల రెండు వందల మందికి పైగా ఆడవాళ్ళు 1839లో నెలల తరబడి ఆ పని చేశారు. డిజైన్ విలియమ్ డైస్ అనే చిత్రకారుడిది. పని అయ్యాక ఇంకెవరూ చేయించుకోకుండా ఆ నమూనాలు పాడుచేసేశారు. అందులో పువ్వుల అర్థాల గురించి ఇప్పటికీ రాస్తుంటారు. ఆ లేసు మొత్తం మీద నాకు కనపడే పెద్ద అర్థం, ఆ ఏడాది రెండు వందల ఇళ్ళలో పొయ్యి వెలగటం.

కథలు తర్వాత ఎలా అతుక్కుంటాయో చెప్పటానికి దానిమ్మ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇంగ్లండు ఎనిమిదో హెన్రీ మొదటి భార్య, స్పెయిన్ నుంచి వచ్చిన కేథరిన్ రాణి, తన చిహ్నంగా దానిమ్మని పెట్టుకుంది. భర్త వదిలేశాక బెడ్‌ఫర్డ్‌షైర్ వైపు ఉన్నప్పుడు ఆవిడే అక్కడి ఆడవాళ్ళకి లేసు నేర్పిందని, వాళ్ళకి పని ఉండాలని తన లేసులన్నీ తగలబెట్టి కొత్తవి చేయించుకుందని చెప్పుకుంటారు. అందుకే ఆ వైపు లేసు వాళ్ళు నవంబరు 25న సెయింట్ కేథరిన్ పండగ చేసేవారట. కథ వింటే కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ ప్రాంతానికి లేసు పని వచ్చింది ఆవిడ పోయాక, ఫ్లాండర్స్ నుంచి పారిపోయి వచ్చిన జనంతో. వెనిస్ లేసుల్లో కనపడే దానిమ్మ ఈ రాణిది అసలే కాదు. అప్పటికి రెండు వందల ఏళ్ళుగా ఇటలీ పట్టు వెల్వెట్ల మీద నేస్తున్న దానిమ్మే లేసులోకి దిగింది. లేసు గీసేవాడు ముందు చూసింది పక్క కొట్లో పట్టు బట్టని.

ఇప్పుడు అనాసపండు. క్రోషే తెలిసిన వాళ్ళందరికీ తెలిసిన డిజైన్ ఇది, 20వ శతాబ్దపు అల్లిక పుస్తకాల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. అతిథి మర్యాదకి గుర్తని రాస్తారు. ఒకప్పుడు ఇంగ్లండులో, అమెరికాలో అనాస చాలా ఖరీదైన పండు, విందులో బల్ల మీద పెట్టటం గొప్ప. అది నిజమే. కానీ మీరే ఒకసారి అల్లి చూడండి. ముందు ఒకే కన్నంలో పది పన్నెండు పొడుగు ట్రెబుల్ కుట్లు పడతాయి. అది విసనకర్రలా విచ్చుకుంటుంది. తర్వాత వరసలో వాటి మధ్యన చిన్న చిన్న గొలుసు ఉచ్చులు వేస్తారు. పదకొండు వచ్చాయనుకోండి. ఆ పై వరసలో ఒక్కో ఉచ్చు నడుమ ఒకటి తగిలిస్తే పదే వస్తాయి. తర్వాత తొమ్మిది. ఇలా వరసకి ఒకటి తగ్గుతూ చివరికి ఒకే ఉచ్చు మిగులుతుంది. అంతే, కింద వెడల్పు, పైన మొన, ఒంటి నిండా పొలుసులు. ఎవరూ అనాసని గీయక్కర్లేదు. ఉచ్చు మధ్యలో ఉచ్చు వేసుకుంటూ పోతే లెక్క ప్రకారం అదే వస్తుంది. వచ్చాక చూసిన వాళ్ళకి ఏది తెలిస్తే ఆ పేరు పెట్టారు. మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో దాన్ని గోపురం అనేవాళ్ళు.

అందుకే కాలరు మీద గులాబీ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఐరిష్ క్రోషే పుట్టుక కరువులోంచి. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. వరసగా కొన్నేళ్ళు పంట లేదు, పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. కార్క్ దగ్గర బ్లాక్‌రాక్‌లో అర్సులైన్ సన్యాసినులు ఆడపిల్లలకి క్రోషే నేర్పారు. ఉత్తరాన క్లోన్స్ అనే ఊళ్ళో 1847లో అక్కడి మతాధికారి భార్య కసాండ్రా హ్యాండ్ ఈ పని మొదలుపెట్టించింది. సూది లేసు నేర్చుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. క్రోషేకి చిన్న కొక్కెం ఉన్న సూది చాలు, కొన్ని వారాల్లో చెయ్యి పడుతుంది, డబ్బు త్వరగా వస్తుంది. అమ్ముడుపోవాలంటే డబ్బున్నవాళ్ళకి నచ్చేలా ఉండాలి. వాళ్ళకి నచ్చింది ఏది? రెండు వందల ఏళ్ళ కిందటి వెనిస్ లేసు, ఉబ్బెత్తు పువ్వులతో బరువుగా ఉండేది. దాన్ని చూసి క్రోషేలో దించారు. సూది లేసులో ఉబ్బెత్తు కోసం లోపల పోగులు కూరేవారు. క్రోషేలో లావు పోగు మీద అల్లటంతో పాటు, ఒక వరస రెక్కల వెనక ఇంకో వరస అల్లి పువ్వుని పైకి లేపారు. నా డబ్బాలో గులాబీకి మూడు వరసలు ఉన్నది అందుకు. ఆ వెనక ఉచ్చు ఆకలి కనిపెట్టిన ఉపాయం. ప్రేమ అని రాసిన చోట నేనైతే ఇది రాస్తాను.

ఇంకో సంగతి. క్లోన్స్ చుట్టుపక్కల ఒక ఇంటివాళ్ళు గులాబీలే చేస్తే, ఇంకో ఇంటివాళ్ళు ద్రాక్ష, ఇంకొకళ్ళు మూడాకుల షామ్రాక్. తమ పువ్వు పద్ధతి బయటికి పోకుండా దాచుకునేవారు, ఎందుకంటే అదే వాళ్ళ జీవనాధారం. ఈ పువ్వులన్నీ తీసుకుని వల అల్లి కలిపేవాళ్ళు వేరే. అంటే కాలరు మీద గులాబీ పక్కన ద్రాక్ష వచ్చి కూర్చోవటానికి, ప్రేమకీ సమృద్ధికీ పొత్తు కుదరటం కారణం కాదు. రెండిళ్ళ పని ఒక బుట్టలో పడింది.

దీన్ని చదివినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎందుకంటే మా వైపు సరిగ్గా ఇదే. పువ్వులు, చక్రాలు విడివిడిగా అల్లేది చేతిపని. వాటిని కలిపేది అతుకుపని. చేతిపని వాళ్ళు ఒక ఊళ్ళో, అతుకుపని వాళ్ళు ఇంకో ఊళ్ళో. మధ్యలో ఏజెంటు సైకిలు మీద సంచి వేసుకుని తిరిగేవాడు. అమ్మమ్మ జన్మలో ఎన్ని వేల పువ్వులు అల్లిందో కానీ, అవి ఎక్కిన టేబుల్ క్లాత్ ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. బల్ల మీద గుడ్డ ఎందుకు పరుస్తారో కూడా ఆవిడకి వింతే.

నర్సాపురానికి ఈ పని 1844 ప్రాంతంలో, మాక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతుల ద్వారా వచ్చిందని చెప్తారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలే కాలేదు. గోదావరి జిల్లాలు పచ్చగా ఉండటం అలవాటైన మనకి ఆ రోజుల పేదరికం ఊహకి రాదు. ఐర్లండులో సన్యాసినులు, ఇక్కడ మిషనరీలు, దాదాపు ఒకే పదేళ్ళలో, ఒకే కొక్కెం సూది. 1840లలోనే రీగో ద లా బ్రాన్షార్డియేర్ లాంటి వాళ్ళు క్రోషే పుస్తకాలు అచ్చు వేశారు. కాబట్టి ఒక గులాబీ రెండు దేశాల అరుగుల మీద పుట్టటంలో ఆశ్చర్యం లేదు. ముందు క్రైస్తవంలోకి వచ్చిన ఆడవాళ్ళు నేర్చుకున్నారు, తర్వాత గోషాలో ఉండే కాపుల ఇళ్ళకి వెళ్ళింది. గడప దాటకుండా చేసుకోగలిగిన పని అదొక్కటే.

1970ల చివర్లో మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి అధ్యయనం చేసింది. అది 1982లో పుస్తకంగా వచ్చింది. ఆవిడ పట్టుకున్న అసలు విషయం ఏమిటంటే, రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న ఈ మనుషుల్ని ఎవరూ పనివాళ్ళుగా లెక్కవేయలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్ళు పొద్దుపోక చేసుకునేది అన్నారు. ఎగుమతి అయి డాలర్లు తెచ్చే సరుకు, చేసినవాళ్ళకి కాలక్షేపం. మా ఇంట్లో కూడా అదే మాట. తాతయ్య పొలానికి వెళ్ళాడు అంటే పని. అమ్మమ్మ అరుగు మీద ఉంది అంటే ఊరికే ఉంది.

ఆ కార్డు చూస్తే నాకు ఎందుకు బాధ కలిగిందో ఇప్పుడు చెప్పగలను. గులాబీ అంటే ప్రేమ అని రాస్తే నష్టమేమిటి, చదివినవాళ్ళకి కాస్త ఆనందం, అమ్మేవాళ్ళకి కాస్త బేరం అని మా అమ్మాయి అంది. తనన్నదీ సబబే. అందమైన వస్తువుకి అందమైన మాట కావాలనిపించటం మనిషి గుణం. కానీ కార్డు మీద రెండు వాక్యాలకే చోటుంది. ఆ చోటు ప్రేమకి ఇచ్చేస్తే అల్లిన మనిషికి చోటు మిగలదు. లేసు మనసులోంచి పొంగిన భావంలా కనపడుతుంది తప్ప, మెడలు పట్టేసిన, చూపు మందగించిన పనిలా కనపడదు. కాలక్షేపం అన్న మాటకీ ప్రేమ అన్న మాటకీ పెద్ద తేడా లేదు. రెండూ కూలి గురించి మాట్లాడనివ్వవు.

2024లో నర్సాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త చదివి పొద్దున్నే నలుగురికి ఫోన్ చేశాను, అంత సంతోషం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫోటోలతో, చక్కటి మాటలతో అమ్మకాలు జరుగుతున్నాయి. వాటిలో ఒక చోట మళ్ళీ అదే వాక్యం చూశాను, గులాబీ ప్రేమకు చిహ్నమని. నర్సాపురం పువ్వుకి ఇంగ్లండు షాపు కార్డు తెచ్చి తగిలించారు. దాని బదులు ఈ పువ్వుకి ఎంతసేపు పట్టింది, అతుకు ఏ ఊళ్ళో పడింది అని రాస్తే కొనేవాళ్ళు చదవరా? నేనైతే చదువుతాను. ఆ పువ్వుని వెనక్కి తిప్పి చూస్తాను కూడా. లేసు ఎవరిదో ముందు వైపు చూస్తే తెలీదు. వెనక పోగు ఎక్కడ ముడేశారు, ఎంత బిగించారు, చివర ఎలా దాచారు అన్నది చూడాలి. నమూనా అందరిదీ ఒకటే. చెయ్యి మాత్రం ఎవరిది వాళ్ళదే.

కిందటి సంక్రాంతికి పాలకొల్లులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పౌడరు డబ్బా తీసుకెళ్ళాను. పెద్దమ్మకి ఎనభై దాటాయి. పదేళ్ళ వయసులో సూది పట్టుకుంది, కంటి ఆపరేషన్ అయ్యేదాకా వదల్లేదు. కాలరు ఫోటో చూపించాను, ఐర్లండు సంగతి చెప్పాను. చాలా శ్రద్ధగా వింది.

"అయితే వాళ్ళకీ అతుకుపని వేరేనా?" అంది.

"వేరేనే పెద్దమ్మా. పువ్వులు ఒకళ్ళు, కలిపేది ఇంకొకళ్ళు."

"అతుకు వాళ్ళకే ఎక్కువ ఇచ్చుంటారు. ఇక్కడా అంతే."

గులాబీ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "దీన్ని మీరేమనేవాళ్ళు?"

"ఏమంటాం? మూడొరసల పువ్వు. ఏజెంటు రోజా అనేవాడు."

"అమ్మమ్మ ఇచ్చింది నాకు. అమ్మమ్మ అల్లింది ఇదొక్కటే మిగిలింది."

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని దాన్ని వెలుతురు వైపు పట్టుకుంది. ముందు వైపు చూడనే లేదు. తిరగేసి, బొటనవేలి గోటితో వెనక ముడి మీద మెల్లగా రాసింది. ఇంకో రెక్క ఎత్తి ఉచ్చు చూసింది.

"అమ్మది కాదే ఇది," అంది. "అమ్మ ఇంత బిగించదు. అమ్మ చెయ్యి వదులు, ఏజెంటు తిట్టేవాడు కూడా. ఇది నేను అల్లింది."